మీ నాన్నను రైలు దిగనివ్వకు

పాపా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, పాప నన్ను స్పెయిన్ తీసుకుపోతోంది, ఊరి నుంచి ఊరికి అంతా రైళ్ళలోనే" అన్నాడు. ఆ గొంతు ఎలా ఉందంటే, యాభై ఏళ్ళ కింద గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో కొత్త ఇంజను వచ్చిందని పరిగెత్తుకొచ్చి చెప్పిన పిల్లవాడి గొంతే. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. రైల్వేలోనే ముప్పై ఏళ్ళు పనిచేసిన మా నాన్న మద్రాసు దాటి ఎక్కడికీ పోలేదు. ఆయన మనవరాలు తన సొంత జీతంతో వాళ్ళ నాన్నను గంటకు మూడొందల కిలోమీటర్లు పోయే రైలు ఎక్కిస్తోంది. అది తలచుకుని కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత భయం మొదలైంది, లేచి కూర్చుని ఇది రాస్తున్నాను. ఆఫీసులో చదవకు, రాత్రి నిదానంగా చదువు.

వీసా, ఇన్సూరెన్సు, హోటల్ బుకింగులు నువ్వు చూసుకుంటావు. పాస్‌పోర్టు ఫోటోకాపీలు వేరే సంచిలో పెట్టు. బార్సిలోనాలో జేబుదొంగలు ఎక్కువ, మెట్రోలోనూ రాంబ్లా వీధిలోనూ సంచి ముందుకు వేసుకో. గుళ్ళ ముందు ఎవరైనా ఆడవాళ్ళు ఆకుల రెమ్మ చేతికి ఇవ్వబోతే తీసుకోకుండా నడిచిపో, అది తీసుకుంటే డబ్బులు అడుగుతారు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. పదకొండు రోజులకు మాడ్రిడ్, తొలేదో, కోర్దోబా, సెవిల్, గ్రనాడా, వలెన్సియా, బార్సిలోనా, ఆ పైన బిల్బావో. ఎనిమిది ఊర్లు! నీకు ఇరవై తొమ్మిదేళ్ళు, మీ నాన్నకు అరవై రెండు, షుగరు పద్నాలుగేళ్ళుగా ఉంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయని నీకు చెప్పి ఉండడు, నాకు చెప్పాడు. బిల్బావో తీసెయ్. వలెన్సియా కూడా తీసెయ్యమనే నా మాట. తొలేదోకి మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంటే, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు, అక్కడ గది వద్దు. రోజుకో హోటల్ మారితే ఊరు గుర్తుండదు, పెట్టె సర్దడమే గుర్తుంటుంది. రైలు రెండు గంటలే అని అనుకుంటావు. గది ఖాళీ చేయడం, స్టేషన్ చేరడం, సామాను ఎక్స్‌రేలో పెట్టడం, దిగాక మళ్ళీ గది వెతకడం అన్నీ కలిపితే సగం రోజు పోయినట్టే.

టికెట్లు ముందే కొను, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ఇప్పుడు ప్రభుత్వ రైల్వే కంపెనీ రెన్ఫే ఒక్కటే కాదు, ఊయీగో, ఇర్యో అని వేరే కంపెనీల రైళ్ళు కూడా అదే పట్టాల మీద నడుస్తున్నాయి, పోల్చి చూడు. ఫారంలో ఇంటిపేరు గడులు రెండుంటాయి, కంగారుపడకు. వాళ్ళకు నాన్న ఇంటిపేరు, అమ్మ ఇంటిపేరు రెండూ ఉంటాయి, అందుకే. నువ్వు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే నింపు, మీ నాన్న పేరులో ఇనీషియల్ పెట్టి వదిలెయ్యకు. టికెట్ మీద కోచె అంటే బోగీ, ప్లాసా అంటే సీటు, వీయా అంటే ప్లాట్‌ఫారం. ఆ వీయా నంబరు రైలు బయలుదేరడానికి కొంచెం ముందే బోర్డు మీద వేస్తారు, అప్పటిదాకా అందరూ తలెత్తుకుని నిలబడి ఉంటారు. మాడ్రిడ్‌లో పెద్ద స్టేషన్లు రెండు, అతోచా ఒకటి, చమర్తిన్ ఒకటి, ఊరికి ఆ చివర ఈ చివర. మన సికింద్రాబాదు, కాచిగూడ లాగే అనుకో, పేరు చదవకుండా టాక్సీ ఎక్కావంటే రైలు పోతుంది. అరగంట ముందే అక్కడ ఉండాలి, బయలుదేరే టైముకి ముందే గేటు మూసేస్తారు, బతిమాలినా తెరవరు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు, మీ మామ చెప్పనిచ్చేవాడు కాదు.

2012 మే నెల. మా అమ్మాయి మాడ్రిడ్‌లో ఏడాది పని మీద ఉన్నప్పుడు నేనూ మీ మామా పోయాం. దానికి సెలవు దొరకలేదు, మమ్మల్ని అతోచాలో బార్సిలోనా రైలెక్కించి ఆఫీసుకు పోయింది. ఆ పాత స్టేషన్ హాల్లో ఇనుప కప్పు కింద తాటిచెట్లు పెంచారు, మీ మామ వాటినే చూస్తూ నిలబడితే నేనే చేయి పట్టుకుని లాక్కొచ్చాను. రైలు కదిలింది. తలుపు మీద స్క్రీన్‌లో వేగం కనిపిస్తుంది, 298, 299, 300 అని, మీ మామ చిన్నపిల్లవాడిలా పైకి చదివాడు. గంటా ఇరవై నిమిషాలకు జరగోజాలో ఆగింది. వాళ్ళు "థరగోథా" అంటారు, అనౌన్స్‌మెంట్‌లో అలాగే వినిపిస్తుంది, నాకు అప్పుడు ఏ ఊరో కూడా అర్థం కాలేదు. మీ మామ లేచాడు. "నీళ్ళ సీసా పట్టుకొస్తా, కాళ్ళు కూడా పట్టేశాయి" అన్నాడు. నేను వద్దనలేదు. ఎందుకంటాను? మేం పెరిగిన ఊర్లో రైలు ఆగితే మగవాళ్ళు దిగుతారు. గుంతకల్లులో బండి పావుగంట ఆగేది, నీళ్ళు పట్టుకుని, టీ తాగి, పేపరు కొని, గార్డు ఈల వేశాక నడుస్తున్న బండి ఎక్కేవాళ్ళు. ఆయనకు అరవై దాటినా ఆ అలవాటు పోలేదు.

రెండు నిమిషాలు అయి ఉంటుందేమో. ఈల లేదు, కూత లేదు. తలుపు దగ్గర ఒక చిన్న చప్పుడు వినిపించింది, తలుపులు మూసుకున్నాయి. కిటికీ అద్దంలోంచి చూస్తే మీ మామ ప్లాట్‌ఫారం మీద బోగీ తలుపు మీట నొక్కుతున్నాడు. ఆ తలుపులు ఒకసారి మూస్తే బయటి నుంచి తెరుచుకోవు. ఆయన ముఖం నాకు ఎదురుగా వచ్చింది, నన్ను చూశాడు, చేయి ఎత్తాడు, అంతే, ఆ ముఖం వెనక్కి పోయింది. కదిలినట్టు కూడా తెలియకుండా కదిలే రైలు అది.

ఆయన ఫోన్ సీటు పక్కన చార్జింగ్‌లో ఉంది. పాస్‌పోర్టులు రెండూ నా సంచిలో. టికెట్లు నా దగ్గరే. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఆయన కోటు, అన్నీ నా దగ్గరే. ఆయన జేబులో ఇరవై యూరోలు మాత్రం ఉన్నాయి. అన్నీ నేనే జాగ్రత్తగా పెడతానని అన్నీ నా సంచిలోనే వేసుకున్నాను పాపా. ఆ జాగ్రత్తే తప్పయింది. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్‌కు లాక్, నంబరు నాకు నోటికి రాదు. గొంతులోంచి మాట రాలేదు. పక్క వరుసలో కూర్చున్న ఒకామె లేచి వచ్చి ఇంగ్లీషులో అడిగింది. మా వారు, స్టేషన్, డోర్ అని ఏవో మూడు ముక్కలు చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చారంది. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అంది. ఎందుకు అడుగుతోందో తెలియక అనంతపురం అన్నాను. ఆమె చేయి గుండె మీద పెట్టుకుంది. "అనంతపూర్! విసెంతే ఫెర్రేర్!"

మన ఫాదర్ గారి పేరు. బార్సిలోనాలో పుట్టి, 1969లో మన కరువు జిల్లాకు వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) పెట్టి, 2009లో మన మధ్యే కన్ను మూసిన మనిషి పేరు, గంటకు మూడొందల కిలోమీటర్ల రైల్లో, ఒక కొత్త మనిషి నోట్లోంచి వచ్చింది. వాళ్ళమ్మ మన జిల్లాలో ఒక పిల్లకు నెలనెలా డబ్బు పంపుతుందట. నా చేయి వదలలేదు ఆమె. టికెట్ కలెక్టరును పిలిచి వాళ్ళ భాషలో గబగబా చెప్పింది, ఆయన జరగోజా స్టేషన్‌కు ఫోన్ చేశాడు, మీ మామ ఎలా ఉంటాడో, ఏ చొక్కా వేసుకున్నాడో నన్నడిగి చెప్పాడు, షుగరు ఉందని కూడా చెప్పాడు. వెనక రైల్లో ఎక్కిస్తాం అని కబురొచ్చింది. నేను బార్సిలోనా సాంత్స్ స్టేషన్‌లో రెండు పెట్టెలు పెట్టుకుని రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డాను. కూర్చుంటే కనబడనేమో అని కూర్చోలేదు. ఆ రైలు జనంలోంచి ఆయన వచ్చాడు. చేతిలో నీళ్ళ సీసా లేదు, సగం తిన్న అరటిపండు ఉంది. స్టేషన్‌లో ఎవరో అమ్మాయి ఇచ్చిందట. తిడదామని రెండు గంటలు మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఆయన "కాఫీ కూడా ఇప్పించింది" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు ఆయన లేడు. ఆ ప్లాట్‌ఫారం మీద ఎత్తిన చేయి మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది.

కాబట్టి పాపా, మీ నాన్న ఏ స్టేషన్‌లోనూ దిగకూడదు. ముందే చెప్తే "నాకు తెలీదా" అంటాడు, అయినా చెప్పు, రైలు ఆగే ముందు మళ్ళీ చెప్పు. నీళ్ళు ఎక్కే ముందే కొనిపెట్టు. వాడి పాస్‌పోర్టు, వాడి టికెట్, ఒకరోజు మాత్రలు, యాభై యూరోలు వాడి ఒంటి మీదే ఉండాలి. నీ నంబరు, ఆ రోజు హోటల్ పేరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టు, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు. ఏదైనా అయితే 112కు ఫోన్ చేయాలని నేర్పించు. ఇది పిల్లవాడికి చెప్పినట్టు ఉందని వాడు కోపగించుకుంటే అక్క చెప్పిందని చెప్పు.

మందుల పేర్లు డాక్టరుతో రాయించుకో, కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు ఉండాలి. ఇన్సులిన్ చేతిసంచిలోనే, చెక్-ఇన్ సామానులో వద్దు. తిండి విషయంలో నా టెన్షన్ అంతా టైము గురించే. అక్కడ మధ్యాహ్నం రెండుకు భోజనం, రాత్రి తొమ్మిదికి. నాలుగు నుంచి ఎనిమిది దాకా చాలా హోటళ్ళలో వంటిల్లు మూసి ఉంటుంది. మీ నాన్న ఏడున్నరకు తినకపోతే చేతులు వణుకుతాయి. బొరుగులు, వేరుశనగ పప్పు ఇక్కడి నుంచే తీసుకుపో. సూపర్ మార్కెట్లో మంచి పెరుగు దొరుకుతుంది, ఆదివారాలు చాలావాటికి సెలవు, శనివారమే కొను. మాంసం వద్దు అంటే చాలదు, పంది మాంసం ముక్కలు వాళ్ళకు లెక్కలోకి రావు, "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (మాంసం లేకుండా, పంది మాంసం లేకుండా, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. సెవిల్‌లో పాలకూర శనగల కూర దొరుకుతుంది, ఎస్పినాకాస్ కోన్ గార్బాన్సోస్ అని అడుగు. అది తింటే మీ నాన్న ఇంటి కూరే అంటాడు.

జూన్ చివర పెట్టుకున్నావు. కోర్దోబా, సెవిల్‌లలో అప్పుడు నలభై డిగ్రీలు కూడా దాటవచ్చు. అనంతపురం వాళ్ళకు ఎండ కొత్తా అనకు, మనం మధ్యాహ్నం బయట తిరగం కదా. వాళ్ళూ తిరగరు. సెవిల్‌లో వీధులకు అడ్డంగా పైన గుడ్డలు కట్టి నీడ చేస్తారు, మన పెళ్ళి పందిరి లాగా. కోర్దోబాలో పాత మసీదు, ఇప్పుడది కేథడ్రల్, పొద్దున తెరవగానే పోండి. ఎనిమిదో శతాబ్దంలో మొదలుపెట్టినది, ఎనిమిదొందల పైన స్తంభాలు, ఎరుపూ తెలుపూ చారల కమానులు. మీ నాన్న చిన్నప్పుడు లేపాక్షిలో స్తంభాల చాటున దాక్కుని నన్ను ఏడిపించాడు, అక్కడ వాణ్ణి వెతకడం నీ వంతు.

గ్రనాడాలో అల్హంబ్రా కోట టికెట్ రైలు టికెట్ కంటే ముందు కొను. వారాల ముందే అయిపోతాయి. కోటలోని నస్రీద్ ప్యాలెస్ లోపలికి పోవడానికి టైము రాసి ఉంటుంది, ఆ టైము తప్పితే ఒప్పుకోరు, పాస్‌పోర్టు కూడా చూస్తారు. అక్కడ తొందరపడవద్దు. గోడల మీది చెక్కడాలు అందరూ చూస్తారు, నువ్వు నీళ్ళు చూడు. దార్రో అనే నది నుంచి కాలువ తవ్వి కొండ మీదికి నీళ్ళు తెచ్చారు, ఏడెనిమిది వందల ఏళ్ళ కింద. పన్నెండు రాతి సింహాల మధ్య, మెట్ల పక్కన, చెట్ల కింద ఎక్కడ చూసినా నీటి చప్పుడే. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన ఊరి మనుషులం మనం. మీ మామ అక్కడ ఒక కాలువ పక్కన కూర్చుని గంటసేపు లేవలేదు. మీ నాన్నను కూడా కూర్చోనివ్వు.

ఇంకొకటి, వాడి కోసం. స్పెయిన్ పాత రైలు పట్టాల మధ్య వెడల్పు 1668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676. ఎనిమిది మిల్లీమీటర్లే తేడా. ఈ వేగం రైళ్ళకు మాత్రం 1992లో సెవిల్ లైను వేసినప్పటి నుంచి 1435 పెట్టారు. మీటర్ గేజీ, బ్రాడ్ గేజీ రెండూ ఉన్న గుంతకల్లులో పెరిగినవాడు, ఈ మాట వినగానే పట్టాలు చూడాలని ప్లాట్‌ఫారం అంచుకు పోతాడు. చేయి పట్టుకో.

మీ రైలు జరగోజాలో ఆగితే ఆ ప్లాట్‌ఫారం ఫోటో ఒకటి తీసి పంపు. దిగి కాదు, కిటికీలోంచి.

మీ అత్త