అన్న చేత దగ్గించే అమ్మాయి ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మా పెద్దబ్బాయి చింతకాయలు రాల్చబోయి చెట్టు మీద నుంచి పడ్డాడు. మెడలో సి 5 స్థాయి దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదన్నారు. ఊపిరితిత్తులకు ఏమీ కాలేదని చెప్పినా, అప్పటి నుంచి మూడుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చాము. వాడికి దగ్గు రాదు. మా అమ్మాయే కడుపు మీద చేతులుంచి నొక్కి కఫం తీయిస్తుంది. ఇంటర్ బైపీసీ పూర్తి చేసిన ఆమె ఫిజియోథెరపీ గానీ రెస్పిరేటరీ థెరపీ గానీ చదువుతానంటోంది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, ముందు మీ అబ్బాయి సంగతి చెబుతాను, ఎందుకంటే కోర్సు ఎంపికకు కావలసిన సమాధానం అందులోనే ఉంది. ఊపిరితిత్తులు తమంతట తాము కదలవు. కొలిమి తిత్తిని మనిషి లాగినట్టు వాటిని కండరాలు లాగాలి. లోపలికి గాలి తీసుకునే పనిలో పెద్ద భాగం ఉదరవితానానిది, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొరది (డయాఫ్రమ్); దానికి ఆజ్ఞ తెచ్చే నాడి మెడలో పై నుంచి కిందికి లెక్కించే సి 3, సి 4, సి 5 స్థానాల నుంచి బయలుదేరుతుంది. దెబ్బ సి 3కి పైన పూర్తిగా తగిలి ఉంటే వెంటిలేటర్ లేకుండా బతకడం చాలా కష్టమయ్యేది. మీ అబ్బాయికి కిందుగా తగిలింది కాబట్టి తన ఊపిరి తాను తీసుకోగలుగుతున్నాడు. అయితే పక్కటెముకల మధ్య కండరాలకూ, కడుపు కండరాలకూ వెళ్లే నాడులు ఛాతీ భాగంలోని వెన్నుపాము నుంచి వస్తాయి కనుక అవి రెండూ పనిచేయడం మానేశాయి. బలంగా దగ్గాలంటే కడుపు కండరాలు బిగుసుకోవాలి. అవి లేకపోవడంతో కఫం కిందనే నిలిచి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి నెమ్ముగా మారుతోంది. దీనికి తోడు, శ్వాసనాళాలను వెడల్పు చేసే నాడుల ప్రభావం తగ్గిపోయి, వాటిని ఇరుకు చేసి స్రావాలను పెంచే వేగస్ నాడి మాత్రం మెదడు నుంచి నేరుగా వస్తుంది కాబట్టి చెక్కుచెదరక పనిచేస్తూనే ఉంటుంది.

మరొక విషయం చాలా ఇళ్లలో తెలియదు. ఆయాసం వస్తే ఎవరినైనా లేపి కూర్చోబెడతాము, కానీ మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామందికి వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి తేలికగా ఆడుతుంది. కూర్చోబెట్టినప్పుడు బిగువు లేని కడుపు ముందుకు జారి, ఉదరవితానం కిందికి సాగిపోయి బలం కోల్పోతుంది. కుర్చీలో ఉన్నంతసేపు కడుపుకు వెడల్పాటి బెల్టు కట్టించడం ఇందుకే. మీ అమ్మాయి చేస్తున్నది అసిస్టెడ్ కాఫ్ అనే పద్ధతి, దాన్ని నేర్పినవారు మీకు పెద్ద మేలు చేశారు. భోజనమైన వెంటనే మాత్రం నొక్కవద్దని చెప్పండి. కఫం రంగు మారినా, జ్వరం వచ్చినా, మామూలు కంటే మగతగా ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాల గురించి డాక్టరును అడగండి.

ఇక చదువు. రెస్పిరేటరీ థెరపీ చదివినవారి పని ఎక్కువగా ఐసీయూలో ఉంటుంది: వెంటిలేటర్ అమర్చడం, దాని నుంచి రోగిని మెల్లగా విడిపించడం, గొంతు దగ్గరి ట్యూబును చూసుకోవడం, రక్తంలోని వాయువుల పరీక్షను అర్థం చేసుకోవడం. మెడ గాయమున్న రోగికి ట్యూబుతో కఫం లాగుతున్నప్పుడు గుండె వేగం హఠాత్తుగా పడిపోవచ్చని తెలిసి జాగ్రత్తపడడమూ వారి శిక్షణలో భాగమే. ఉద్యోగాలు పెద్ద ఆసుపత్రులున్న బెంగళూరు, హైదరాబాదు వంటి చోట్లనే ఎక్కువ. ఫిజియోథెరపిస్టు ఐసీయూలోనూ ఛాతీ వ్యాయామాలు చేయిస్తాడు, రోగి ఇంటికి వచ్చాక ఏళ్ల తరబడి అతనితోనే నడుస్తాడు, అనంతపురంలోనో గుంతకల్లులోనో సొంత క్లినిక్ పెట్టుకోగలడు. మీ అమ్మాయికి జిల్లాలోనే ఉండాలనే కోరిక ఉంటే ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ వైపే నేను మొగ్గుతాను. యంత్రాలంటే ఆసక్తి, నగరానికి వెళ్లే ధైర్యం ఉంటే రెస్పిరేటరీ థెరపీ తక్కువేమీ కాదు. ఈ రెండు వృత్తులూ 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలో ఉన్నాయి.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. అన్నను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటుందన్న ఆలోచనతో ఆమెను ఏ కోర్సులోనూ చేర్చవద్దు. మీ భార్యా మీరూ దగ్గించే పద్ధతిని ఇప్పుడే నేర్చుకుంటే ఆమె హాస్టలుకు వెళ్లి నిశ్చింతగా చదువుకోగలదు.

దరఖాస్తుకు ముందు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి అడిగి కొన్ని రోజులు ఆ పని చూడనివ్వండి. వీలైతే అబ్బాయిని వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి పునరావాస విభాగానికి తీసుకువెళ్లినప్పుడు ఆమెనూ వెంటబెట్టుకోండి; 1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ తీర్చిదిద్దిన విభాగమది. కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాన్ని చూసి నిర్ణయించకండి. విద్యార్థులను ఐసీయూకు పంపుతారా, ఎన్ని నెలలు పంపుతారు, వెన్నుపాము గాయాల రోగులను వారు స్వయంగా చూస్తారా అని అక్కడ చివరి సంవత్సరం చదువుతున్న పిల్లలనే అడగండి.