ఫిలాసఫీ చదివించండి, పర్సనల్ లోను మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 48. తణుకులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజరుగా పనిచేస్తున్నాను. కటింగులు పోను నెలకు 78,000 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్య గృహిణి. అబ్బాయి ఎనిమిదో తరగతి. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసై, ఇంజనీరింగ్ వద్దని, ఫిలాసఫీలో బీఏ ఆనర్స్ చదువుతానని పట్టుబడుతోంది. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా ఢిల్లీ యూనివర్సిటీలోని మిరాండా హౌస్‌లో సీటు వచ్చింది. ఫీజు, పేయింగ్ గెస్ట్ (పీజీ) వసతి, భోజనం, రాకపోకలు కలిపి ఏడాదికి 2,60,000 అవుతుందని అంచనా. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కూడా సీటు వచ్చింది. అక్కడ హాస్టల్‌తో కలిపి ఏడాదికి 11 లక్షలు, కోర్సు నాలుగేళ్లు. ప్లేస్‌మెంట్లు బాగుంటాయంటున్నారు కనుక అటే మొగ్గుతున్నాను. ఇల్లు తనఖా పెట్టి 20 లక్షల విద్యారుణం, 8 లక్షల పర్సనల్ లోను, నా భార్య నగల మీద 6 లక్షలు తీసుకుని, 5 లక్షల చిట్టీ ఈ నెలే పాడుకుంటే 3,70,000 వస్తుంది. మిగిలింది జీతంలోంచి సర్దుతాను. ఇంటి లోను ఈఎంఐ 21,500, ఇంకా తొమ్మిదేళ్లుంది. చిట్టీ 50 నెలలది, 14 కట్టాను, డివిడెండు పోను నెలకు 8,500 పడుతోంది. ఇంటి ఖర్చు 32,000. బ్యాంకులో, ఎఫ్‌డీలో కలిపి 2,10,000 ఉన్నాయి. బీమా, పొదుపు కలిసిన రెండు ఎండోమెంట్ పాలసీలకు ఏడాదికి 52,000 కడుతున్నాను, కవరేజి 6 లక్షలు, ఇంకా పదకొండేళ్లు కట్టాలి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. నాకు నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఫిలాసఫీ చదివితే అన్నం పెడుతుందా? బంధువులందరూ వద్దంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం ఫిలాసఫీ అన్నం పెడుతుందా అన్న భయంతో ముగిసింది. ఎనిమిది లక్షల పర్సనల్ లోను ఒక్క వాక్యంలో, తలనొప్పికి మాత్ర వేసుకున్నంత తేలిగ్గా వచ్చి వెళ్లిపోయింది. ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. పిల్లలు ఎంచుకున్న సబ్జెక్టు మీద నమ్మకం చాలనప్పుడు, ఆ లోటును ఖరీదైన కాలేజీతో పూడ్చాలని చూసే తల్లిదండ్రులు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. చదువు మీద అనుమానం ఎంత ఎక్కువైతే అప్పు అంత పెద్దదవుతుంది. మీ విషయంలో ప్రమాదం అమ్మాయి డిగ్రీలో లేదు, మీరు వేసుకున్న అప్పుల పట్టికలో ఉంది.

ముందు సబ్జెక్టు సంగతి చెప్తాను, ఎందుకంటే డబ్బు లెక్క దాని స్వభావాన్ని బట్టే నడవాలి. ఫిలాసఫీ అంటే వేదాంత ప్రసంగాలని మీ బంధువులు అనుకుంటూ ఉండవచ్చు. ఆనర్స్ కోర్సులో తర్కశాస్త్రం, నీతిశాస్త్రం, భారతీయ దర్శనాలు, ప్లేటో, డెకార్ట్, కాంట్ వంటి పాశ్చాత్య తత్త్వవేత్తలు ఉంటారు. ఎంపీసీ చదివిన పిల్లకు గణితంలా గుర్తులతో నడిచే సింబాలిక్ లాజిక్ కొరుకుడు పడని విషయమేమీ కాదు. ఇక్కడి నుంచి ఎంఏ, అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్, పీహెచ్‌డీ మీదుగా అధ్యాపక వృత్తికి ఒక దారి ఉంది. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఇంకొక దారి. సివిల్ సర్వీసెస్‌లో ఫిలాసఫీ ఆప్షనల్‌గా ఉంది, 2013 నుంచి జనరల్ స్టడీస్ నాలుగో పేపరు ఎథిక్స్ మీదే నడుస్తోంది. అయితే ఆ పరీక్షను ఉపాధి పథకంగా లెక్కలో వేసుకోవద్దు. మన రాష్ట్రాల పాఠశాలల్లో ఫిలాసఫీ బోధనాంశం కాదు కాబట్టి, బీఈడీ వైపు వెళ్లే ఆలోచన ఏ మూల ఉన్నా ఇంగ్లీషో, ఎకనామిక్సో, పొలిటికల్ సైన్సో మైనరుగా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకోమని అమ్మాయికి మొదటి సెమిస్టరులోనే చెప్పండి.

సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ తీసుకోవడానికి ఒక కారణం, అదే కాలేజీలో చదువు పూర్తిచేసిన బంధువు తన ఫిలాసఫీ పాఠ్యపుస్తకాలను ఆయనకు ఇవ్వడం. పుస్తకాలు కొనే స్తోమత ఆ ఇంట్లో అంతంతమాత్రం. ఆయన 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. అందరూ రాధాకృష్ణన్‌లు అవుతారని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇవ్వడం లేదు. ఈ సబ్జెక్టుకు ప్రయోగశాలలు, యంత్రాలు అక్కర్లేదు; మంచి గ్రంథాలయం, మంచి అధ్యాపకులు, చదువుకునే తీరిక ఉంటే చాలు. ఈ మూడూ మిరాండా హౌస్‌లో దొరుకుతాయి. ఏడాదికి 11 లక్షలు పెట్టి కొనవలసింది ఇందులో ఏముందో నాకు కనిపించలేదు.

అసలు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఈ చదువులో సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసిన వారు నేరుగా నెట్ రాయడానికి యూజీసీ అనుమతిస్తోంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్ ఉంటుంది. అయితే అది కొందరికే వస్తుంది, వచ్చేవారికి కూడా మొదటి ప్రయత్నంలోనే వస్తుందన్న హామీ లేదు. ఎంఏ కూడా చదివితే మరి ఒకటి రెండేళ్లు పడుతుంది. విద్యారుణానికి వాయిదా కట్టనక్కర్లేని కాలం సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది. అంటే ఐదేళ్లు నిండేసరికి ఈఎంఐ మొదలవుతుంది, అమ్మాయి ఇంకా చదువుకుంటూ ఉండవచ్చు. ఆ ఈఎంఐ మీ మీదే పడుతుందని ఇప్పుడే అనుకుని ఎంత అప్పు చేయాలో తేల్చుకోవాలి.

ఇక మీ పట్టిక చూద్దాం. 78,000లో ఇంటి ఈఎంఐ, చిట్టీ, పాలసీల ప్రీమియం పోతే సుమారు 43,700 మిగులుతుంది. ఎనిమిది లక్షల పర్సనల్ లోను 15 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 19,000 కట్టాలి. మిగిలేది 24,700. నగల మీద ఆరు లక్షలకు 10 శాతమే అనుకున్నా వడ్డీ 5,000. మిగిలేది 19,700. నాలుగేళ్లకు 44 లక్షల్లో అప్పులూ చిట్టీ కలిపి 37,70,000 వస్తాయి, తక్కినది జీతంలోంచి అన్నారు కదా, అది నెలకు 13,000 పైచిలుకు. చివరికి మిగిలేది 6,600. ఆ డబ్బుతో ముగ్గురు మనుషులు తిని, అబ్బాయి స్కూలు ఫీజు, కరెంటు బిల్లు కట్టుకుని, మీ షుగర్ మందులు కొనుక్కోవాలి. ఏడాదికి ఐదు లక్షల చొప్పున తీసుకునే 20 లక్షల విద్యారుణం, 11 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లు నిండేసరికి 27,70,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 38,000. అప్పటికి మీకు 53 ఏళ్లు, ఇంటి లోను ఇంకా నాలుగేళ్లు, అబ్బాయి కాలేజీ గుమ్మంలో. అకౌంట్స్ మేనేజరుగా ఇంతకన్నా మంచి లెక్కలు రోజూ వేసే మీరు, ఇంటి దగ్గరకు వచ్చేసరికి కాగితం, కలం పక్కన పెట్టేశారంటే నాకు బాధ కలుగుతోంది. పిల్లల చదువు కోసం పర్సనల్ లోను తీసుకోవడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. లోను ఉన్న ఇంటిని మళ్లీ తనఖా పెట్టడం, ఇంట్లో సంపాదించేవారు ఒక్కరే ఉన్నప్పుడు, ఇంకా పెద్ద తప్పు.

చిట్టీ పాట కూడా ఈ నెల వద్దు. ఇప్పటిదాకా మీరు కట్టింది డివిడెండు పోను 1,19,000. పాడుకుంటే 3,70,000 వస్తుంది కాబట్టి నిజంగా మీరు చేసే అప్పు 2,51,000. దానికి ఇంకా 36 నెలల పాటు 3,06,000 కట్టాలి, చివరి నెలల్లో డివిడెండు తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. నూటికి నెలకు రూపాయికి పైగా వడ్డీ. పైగా జామీనుదారులను వెతుక్కోవాలి. మీ ఉద్యోగానికి ఏదైనా అయితే ఆ నోటీసు మీతో పాటు వారి ఇంటికీ వెళ్తుంది. ఈ చిట్టీకి ఇంతకన్నా మంచి పని ఉంది, కాసేపట్లో చెప్తాను.

మీ ఉత్తరంలో లేనిది, నేను అన్నిటికన్నా ముందు వెతికింది, అత్యవసర నిధి. ఈఎంఐ, చిట్టీ, ప్రీమియం, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు 66,000 తప్పనిసరి. చేతిలో ఉన్న 2,10,000 మూడు నెలలకు సరిపోతుంది, అంతే. ప్రైవేటు ఉద్యోగం, 48 ఏళ్లు, ఒకే జీతం, షుగర్, ఆలస్యంగా సంపాదనలో పడే చదువు: ఇన్ని కలిసిన ఇంటికి ఆరు నెలల ఖర్చు కూడా తక్కువే, తొమ్మిది నెలలు కావాలి, అంటే సుమారు ఆరు లక్షలు. ఈ నిధి లేని ఇళ్లలో చదువు మధ్యలో ఆగిపోయేది పిల్లలు ఫెయిలైనందుకు కాదు. తండ్రికి రెండు నెలలు జీతం రాదు, సెమిస్టరు ఫీజు గడువు దాటుతుంది, బంగారం మీద అప్పు పెరుగుతుంది, ‘ఈ ఏడాదికి ఇంటికి వచ్చేయమ్మా’ అని ఫోన్ వెళ్తుంది. ఫిలాసఫీ తిండి పెట్టలేదని ఆ తర్వాత బంధువులు అంటారు. తిండి పెట్టనిది నిధి లేకపోవడం.

మిరాండా హౌస్‌కు పంపిస్తే ఆ నిధిని మీరు చదువుతో పాటే కూడబెట్టుకోగలరు. మొదటి మూడేళ్లకు ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున మొత్తం 7,50,000 విద్యారుణం తీసుకోండి. పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలోని కాలేజీలకు హామీదారు, తనఖా లేకుండానే రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటింది కాబట్టి 3 శాతం వడ్డీ రాయితీ మాత్రం మీకు రాదు. వడ్డీని ఏ నెలకానెల కట్టండి, పేరుకోనివ్వకండి. 10 శాతం లెక్కన అది మొదటి ఏడాది నెలకు 2,100, మూడో ఏడాదికి 6,250. ఇప్పుడు మీకు ఖర్చులన్నీ పోను 11,700 మిగులుతోంది. ఎండోమెంట్ పాలసీలను పెయిడప్ చేస్తే, అంటే ఇకపై ప్రీమియం కట్టకుండా తగ్గిన కవరేజితో కొనసాగిస్తే, మరో 4,300 కలుస్తుంది. ఈ 16,000లో కింద చెప్పబోయే బీమా ప్రీమియాలకు 6,500, విద్యారుణం వడ్డీ పోగా మిగిలిన ప్రతి రూపాయినీ అత్యవసర నిధికి పంపండి. ఏటా ఫీజులో మిగిలే పదివేల లోటును ఇంక్రిమెంటులోంచి సర్దుకోవచ్చు. మూడేళ్లలో సుమారు 1,90,000 కూడుతుంది. సరిగ్గా 36 నెలలకు మీ చిట్టీ పూర్తయి, కమిషను పోను 4,65,000 చేతికి వస్తుంది. అందులోంచి నాలుగో ఏడాది చదువుకు 2,80,000 తీస్తే, మిగిలినదీ ఇప్పుడున్న 2,10,000తో కలిపి నిధి ఆరు లక్షల దగ్గరకు చేరుతుంది. ఇంటి మీద కొత్త తనఖా ఉండదు, నగలు మీ భార్య దగ్గరే ఉంటాయి. ఐదో ఏడాది తర్వాత మొదలయ్యే విద్యారుణం ఈఎంఐ పదేళ్లకు 9,900. మీరు అప్పటికే 6,250 కడుతూ ఉంటారు కాబట్టి పెద్ద దెబ్బ అనిపించదు. ఎంఏకు వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మంచి ఫిలాసఫీ విభాగం ఉంది, అక్కడ ఖర్చు ఢిల్లీకన్నా తక్కువలో గడుస్తుంది.

ఈ నిధిని షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో పెట్టకండి. సేవింగ్స్ ఖాతా, ఎఫ్‌డీ చాలు. జీతం పడే ఖాతాలో మాత్రం ఉంచవద్దు, పండక్కో పెళ్లికో కరిగిపోతుంది. బావమరిదికి చేబదులు ఇవ్వడానికి కూడా ఇది పనికిరాదు.

నిధికి తోడుగా బీమా. మీరు లేకపోతే ఈ ఇంటికి ప్రధానంగా వచ్చేది ఎండోమెంట్ పాలసీల ఆరు లక్షలు, పీఎఫ్. ఇంటి లోను ఇంకా 16 లక్షల దాకా ఉంటుంది, విద్యారుణంలో మీరు సహ రుణగ్రహీత, అబ్బాయి చదువు ముందుంది. 60 ఏళ్ల వరకు కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేని శుద్ధ జీవిత బీమా, కావాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలపై జీఎస్టీ లేదు, అది కొంత ఊరట. షుగర్ ఉంది కాబట్టి బీమా కంపెనీ ప్రీమియం కొంత పెంచి అడగవచ్చు, ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన మూడు లక్షల ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. నలుగురికీ కలిపి పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఇప్పుడే తీసుకుంటే, ముందునుంచే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ మీకు 51 ఏళ్లకే ముగుస్తుంది. ఢిల్లీలో అమ్మాయికీ అదే పాలసీ పనికొస్తుంది, పీజీ చుట్టుపక్కల నెట్‌వర్క్ ఆసుపత్రులు ఏవో చూసుకోమనండి.

మిగిలినవి క్లుప్తంగా. విద్యారుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, దానికోసం విధానం మార్చేముందు మొత్తం పన్ను లెక్క వేయండి. పీఎఫ్‌ను ముట్టుకోవద్దు. నగల మీద అప్పు, నిధి మొత్తం అయిపోయినప్పుడు చివరి మాటగా ఉండాలి.

పనుల వరుస మాత్రం తప్పకండి. ముందు మిరాండా హౌస్ ఫీజు గడువులోగా కట్టి సీటు ఖాయం చేసుకోండి, ఆ కాగితంతో విద్యారుణానికి దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు యూనివర్సిటీకి అడ్వాన్సు ఏదైనా కట్టి ఉంటే, ప్రవేశం రద్దు చేసుకుంటున్నట్టు వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి వాపసు అడగండి. టర్మ్ పాలసీ పత్రం చేతికి వచ్చాకనే ఎండోమెంట్లను పెయిడప్ చేయించండి, అంతకుముందు ఒక్క ప్రీమియం కూడా ఆపవద్దు. ప్రతిపాదన ఫారంలో నాలుగేళ్లుగా షుగర్ ఉందని, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారో పూర్తిగా రాయండి; ఏజెంటు ‘లేదు’ దగ్గర టిక్కు పెడదామంటే ఆ ఫారం వెనక్కి తీసుకుని, మీ చేత్తో మీరే నింపండి.