బయటికి పంపితే వాడికి పండగే

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడియా మీడియం బడి. నేను ఏడో తరగతికి చెబుతాను. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఏడే వచ్చి చేరిన తెలుగు పిల్లాడొకడు భోజనాలయ్యాక క్లాసు సాగనివ్వడు. పెన్సిల్ డబ్బా పడేస్తాడు, పక్కవాణ్ని గిల్లుతాడు. తిట్టాను, బయట నిలబెట్టాను. ఇంకా ముదిరాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచర్, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. నేనూ మీ గజపతి జిల్లాలోనే పాతికేళ్లు చెప్పాను. ఇలాంటివాణ్నే ఒకణ్ని రోజూ బయటికి పంపేవాణ్ని. ఓ రోజు కిటికీలోంచి చూద్దును కదా, అయ్యగారు బాదం చెట్టు కింద కూర్చుని, రాలిన కాయలు రాయితో కొట్టుకుని పప్పు తింటున్నారు. నేను శిక్ష అనుకున్నది వాడికి ఇంటర్వెల్!

ఆ తర్వాత ఐదు రోజులు నోటుపుస్తకం వెనక మూడు గడులు గీసి రాసుకున్నాను. అల్లరికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, చేశాక వాడికేం దక్కింది. నేను వరసగా ఒక్కొక్కరిచేత పాఠం పైకి చదివించేవాణ్ని. వాడి రోల్ నంబరు 23. ఇరవయ్యో నంబరు లేచేసరికి వాడి డబ్బా కింద పడేది!

వాడు ఒడియా మాట్లాడతాడు, చదవడమే రాదు. కొత్తగా చూసే తెలుగు పిల్లలకి ఆ అక్షరాలన్నీ నెత్తిన ఒకే గొడుగు వేసుకున్నట్టుంటాయి. నలభై మందిలో తడబడి నవ్వులపాలవడం కంటే అల్లరోడనిపించుకుని బయటికి పోవడమే వాడికి నయమనిపించింది.

అందుకని మర్నాడు చదవాల్సిన నాలుగు లైన్లు ముందురోజే చూపించేవాణ్ని. కష్టమైన మాటల మీద తెలుగులో రాసుకోమన్నాను. (తోటి మాస్టారొకరు గొణిగారు. సవర పిల్లల కోసం సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ గొణుగుడేమిటో!) మరీ భయమేస్తే వేలెత్తి, రెండు నిమిషాలు నీళ్లు తాగి రావచ్చన్నాను. డబ్బా పడేసే పని తప్పింది. మెచ్చుకోవడం కూడా ఊరికే ‘గుడ్ బాయ్’ అని కాదు, ‘నీ వంతు వచ్చేదాకా లైను మీద వేలు పెట్టుకుని కూర్చున్నావురా’ అని చేసిన పని పేరు పెట్టి చెప్పేవాణ్ని.

దీన్నే ‘పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్’ అంటారు. అమెరికాలో 1997లో వికలాంగ పిల్లల చదువు చట్టంలోకే ఈ మాట ఎక్కింది. అక్కడ బడి మొత్తానికీ మూడు నుంచి ఐదు నియమాలు పెట్టుకుని, వాటిని పాఠంలాగే నేర్పుతారు. చాలామందికి అది సరిపోతుంది. కొందరికి చిన్న గుంపులుగా, మరీ కొద్దిమందికి ఒక్కొక్కరికీ విడిగా సాయం చేస్తారు. మీవాడికి కావలసింది ఈ చివరిది. ఇక తిట్లంటారా, మన విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ కూడదంది.

ఒక్క మాట. మీరు బయటికి పంపడం మానగానే అల్లరి కొన్నాళ్లు పెరగొచ్చు. డబ్బా పడేసేవాడు సంచీ పడేస్తాడు. టెన్షన్ పడకండి. మీవాడిది చదువు భయమే కాకపోవచ్చు కూడా. దాల్మా అన్నం తిన్న మత్తు కావచ్చు, పక్కవాణ్ని నవ్వించాలన్న సరదా కావచ్చు. ఐదు రోజులు మూడు గడులూ నింపి, ఆ కాగితం నాకు పంపండి.