ఓవర్‌లోడ్ బండిలో ప్రమాదం జరిగితే బీమా డబ్బు రాదా?

ప్రశ్న: పది మంది ప్రయాణికులకు పర్మిట్ ఉన్న మాక్సీ క్యాబ్‌లో డ్రైవరు పద్దెనిమిది మందిని ఎక్కించాడు. మలుపులో బోల్తా పడి మా అమ్మ తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలైంది. ఓవర్‌లోడ్ కాబట్టి తమకు బాధ్యత లేదని బీమా కంపెనీ ఉత్తరం రాసింది. యాభై వేలు ఇస్తాను, కేసు వద్దు అంటున్నాడు ఓనరు. ఏం చేయాలి?

జవాబు: ఆ ఉత్తరం తీర్పు కాదు. బాధ్యత ఎవరిదో తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. ముందు తేదీ చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీరుంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు, ప్రమాదస్థలం దాకా తిరగక్కర్లేదు.

ఓవర్‌లోడ్ విషయంలో సుప్రీంకోర్టు 2007లో అంజనా శ్యామ్ కేసులో ఒక లెక్క చెప్పింది. పాలసీలో ఎన్ని సీట్లుంటే అంతమందికే కంపెనీ బాధ్యత. అయితే ఆ పదిమంది ఎవరు? అందరి పరిహారాల్లో పెద్దవి పది తీసి, ఆ మొత్తాన్ని కంపెనీ జమ చేయాలి. దాన్ని బాధితులందరికీ దామాషాగా పంచుతారు. ఉదాహరణకు ఆ పదీ కలిపి 30 లక్షలు, అందరివీ కలిపి 36 లక్షలు అనుకుందాం. మీ అమ్మగారికి 3 లక్షలు ఖరారైతే కంపెనీ డబ్బులోంచి రెండున్నర లక్షలు వస్తాయి, మిగతా యాభై వేలు ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. అందుకే పిటిషన్‌లో ఓనరును ప్రతివాదిగా చేర్చడం మరవొద్దు.

'కిక్కిరిసిన బండి ఎందుకెక్కారు, తప్పు మీదీ ఉంది' అన్న వాదన కూడా వస్తుంది. బైకుపై ముగ్గురు వెళ్లిన మహమ్మద్ సిద్దిఖ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. నిబంధన మీరడం ఒక్కటే చాలదు, దానివల్లే ప్రమాదం జరిగిందనో గాయం పెరిగిందనో చూపాలి. లోపల కూర్చున్నవారికి ఇది బలమైన అండ. టాపు మీదో, ఫుట్‌బోర్డు మీదో వేలాడినవారి పరిస్థితి అంత తేలిక కాదు.

కేసులు ఎక్కువగా దెబ్బతినేది చట్టం దగ్గర కాదు, కాగితాల దగ్గర. ఆసుపత్రి మెడికో లీగల్ రికార్డులో (గాయం ఎలా అయిందో పోలీసు కేసు కోసం డాక్టరు రాసుకునే కాగితం) 'జారిపడ్డారు' అని ఉంటే ప్రయాణికురాలనే సంగతే వివాదమవుతుంది. ఇప్పుడే చూసి, తప్పుంటే సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, బిల్లులు, పాలసీ, పర్మిట్ నకళ్లు తెచ్చుకోండి. గాయపడ్డవారి జాబితాలో ఆమె పేరుందో లేదో ప్రత్యేకంగా చూడండి.

ఓనరు యాభై వేలకు 'ఇక క్లెయిమ్ లేదు' అన్న కాగితంపై సంతకం అడిగితే పెట్టొద్దు. వైద్యం ఖర్చుకు డబ్బు తీసుకోక తప్పకపోతే, అది పరిహారంలో భాగమేనని రసీదులో రాయించి, పిటిషన్‌లో మీరే చెప్పండి. దాచారని అవతలి లాయరు పట్టుకుంటే మీ అమ్మగారి మిగతా సాక్ష్యం మీదా అనుమానం పడుతుంది.