నాన్నగారి స్పీకర్లు పోలేదమ్మా

ప్రశ్న: మా నాన్నగారు 1987లో కొన్న స్టీరియో స్పీకర్లు రెండు నా వాటాకి వచ్చాయి. మోకాలెత్తు చెక్క పెట్టెలు. టేప్ డెక్, యాంప్లిఫయర్ ఎప్పుడో పాతసామాను వాళ్లకి వెళ్లిపోయాయి. ఈమధ్య మావాడు హాల్లో టీవీకి చిన్న కంప్యూటరు తగిలించాడు, సినిమాలన్నీ అందులోనే చూస్తున్నాం. స్పీకర్ల వైర్లకి ఇయర్‌ఫోన్ పిన్ను అతికించి కంప్యూటర్‌లో పెడితే దోమ పాడినట్టు వినిపించింది. షాపులో అడిగితే "అవి పోయుంటాయి మేడమ్, 5.1 సెట్టు తీసుకోండి" అన్నారు. అమ్మ పారేయనివ్వడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మగారి మాటే వినండి. దోమ పాడినట్టయినా పాడిందంటే లోపల కాయిల్, అంటే శబ్దం పుట్టించే తీగచుట్ట, బతికే ఉంది. కంప్యూటర్‌లో ఆ రంధ్రం ఇయర్‌ఫోన్లకు సరిపడా, కొన్ని పదుల మిల్లీవాట్లు మాత్రమే ఇస్తుంది. మీ స్పీకర్లకు వాట్లలో కావాలి. మధ్యలో యాంప్లిఫయర్ లేకపోవడమే మీ సమస్య. ఆ పిన్ను మాత్రం ఈరోజే తీసేయండి, కంప్యూటర్ మీద అనవసరపు భారం.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ముందువైపు గుడ్డ చట్రం మెల్లగా ఊడదీసి పెద్ద స్పీకరు అంచు చూడండి. గరాటులా ఉండి ఊగే భాగమే కోన్, దాని చుట్టూ మెత్తని రింగు ఉంటుంది. అది రబ్బరో గుడ్డో అయితే మీ అదృష్టం. ఫోమ్ అయితే వేలితో తాకి చూడండి. మన ఎండలకీ ఉక్కకీ పదిహేను ఇరవై ఏళ్లకే ఫోమ్ పొడి అయిపోతుంది, అగరొత్తి నుసిలా వేలికి అంటుకుంటుంది. అంటుకుందని కంగారు పడొద్దు, రింగు ఒక్కటీ మార్పించుకోవచ్చు. ఇక్కడ మాత్రం గట్టిగా ఉండండి. మా బాబాయి స్పీకర్లు నా దగ్గరికి వచ్చినప్పుడు రింగు చిరిగిందని విజయవాడలో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఆయన నన్ను అడక్కుండా కోన్ కూడా మార్చేశాడు. శబ్దం బాగా పెద్దగానే వచ్చింది. కానీ పొద్దున్నే భక్తిరంజని పెడితే మృదంగం ఎడమవైపు మోతలో ఆ గుండ్రదనం పోయింది. పాత కోన్ కోసం వెనక్కి వెళ్తే చెత్తలో వేసేశామన్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను, "రింగు మాత్రమే మార్చండి, కోన్ ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాసి స్పీకరుకి అతికించి ఇవ్వండి.

తర్వాత ఒక పెన్సిల్ సెల్లు తీసుకోండి. ప్లస్ వైపు వైరు స్పీకరు ఎర్ర టెర్మినల్‌కి, మైనస్ వైపు నల్లదానికి ఒక్క క్షణం తాకించి తీసేయండి. టుక్కుమని చప్పుడు వస్తుంది, కోన్ బయటికి వస్తుంది. రెండో దానికీ ఇలాగే చేయండి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ కదిలితే, ఎప్పుడో రిపేరులో వైర్లు తారుమారు చేశారని అర్థం. అలాగే వదిలేస్తే ఒకదాని బేస్‌ను ఇంకొకటి మింగేస్తుంది. తేడాగా ఉన్నదానికి ఎరుపు నలుపు మార్చి కలపండి.

ఇక యాంప్లిఫయర్. రెండు చానళ్ల స్టీరియోది చాలు, 8 ఓమ్‌ల దగ్గర చానల్‌కి 30 నుంచి 50 వాట్లు. పెట్టె వెనక రాసి ఉండే వాట్లు స్పీకరు తట్టుకునే హద్దు, అంత తప్పనిసరిగా ఇవ్వాలని కాదు. అలాగని మరీ చిన్నది కొని చివరిదాకా తిప్పితే శబ్దం చీలుతుంది, ముందు ట్వీటరే, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరే, కాలిపోతుంది.

కంప్యూటరు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ ఇప్పుడున్నట్టే ఉంచండి. శబ్దానికి మాత్రం కంప్యూటరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి యాంప్లిఫయర్ వెనక ఆక్స్ అని రాసి ఉండే రంధ్రాలకి ఒక కేబుల్ వేస్తే పని అయిపోతుంది. అది ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, ఇంకోవైపు ఎరుపు తెలుపు పిన్నులు ఉండే మామూలు కేబులే. విండోస్ అయితే శబ్దం ఎటు పోవాలో సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ నుంచి దీనికి మార్చాలి. అక్కడే స్పీకర్ల సంఖ్య "స్టీరియో" అని పెట్టించండి. చాలామంది ఇళ్లలో దీని దగ్గరే తంటా. 5.1 అంటే ఆరు స్పీకర్ల అమరిక, అలా ఉంటే డైలాగులన్నీ మధ్య స్పీకరుకు వెళ్తాయి, మీకు అది లేదు. పాటలు దద్దరిల్లుతుంటాయి, హీరో మాట మాత్రం వినిపించదు. అందరూ స్పీకర్లనే తిట్టుకుంటారు.

ఆన్ చేయగానే గుయ్యిమని మోత వస్తే అది ఎర్తింగ్ గొడవ. కంప్యూటరు, టీవీ, యాంప్లిఫయర్ మూడూ ఒకే స్పైక్ బోర్డుకి పెట్టండి. ఇంకా ఉంటే సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ టీవీ తీగ పీకి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మోత పోతుంది కానీ, షాక్ కొడితే కాపాడేది ఆ పిన్నే. ఇవేవీ పనిచేయక, యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ రంధ్రం ఉంటే, ఆక్స్ కేబుల్ తీసేసి టీవీ ఆప్టికల్ నుంచి కలపండి, విండోస్‌లో శబ్దాన్ని మళ్లీ హెచ్‌డీఎంఐకే మార్చండి. అందులో వెళ్లేది వెలుతురు కాబట్టి మోతకి దారే ఉండదు. టీవీ శబ్దం సెట్టింగ్‌లో పీసీఎం (మామూలు స్టీరియో యాంప్లిఫయర్‌కి అర్థమయ్యే రూపం) అని ఉండాలి.

స్పీకరు వైరుకి ఇంట్లో కరెంటుకి వాడే 1.5 స్క్వేర్ రాగి వైరు చాలు. ఆ రోజుల్లో నాన్నగారు ఆ పెట్టెలను టీవీకి దూరంగా పెట్టి ఉంటారు, అయస్కాంతానికి పాత టీవీలో రంగులు మరకలు కట్టేవి కదా. ఇప్పటి టీవీలకి ఆ భయం లేదు, పక్కనే పెట్టుకోండి. నేల మీద కాకుండా చిన్న స్టూళ్ల మీద, గోడకి అడుగు దూరంలో. అమ్మగారు రోజూ కూర్చునే కుర్చీ ఏదో చూసి, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో కుర్చీకీ అంతే దూరం ఉండేలా సర్దండి.

ప్రశ్న: పాత స్పీకరు మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంది, మల్టీమీటర్ 6.4 చూపిస్తోంది. పాడైనట్టా?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: బాగానే ఉందండి. మీటరు చూపేది కాయిల్ తీగ నిరోధం, అది మామూలుగా రాసినదానికంటే కాస్త తక్కువే ఉంటుంది. సున్నా దగ్గర్లో చూపినా, అసలు ముల్లు కదలకపోయినా అప్పుడు రిపేరుకి ఇవ్వండి.