బండి సందేహాలు: ముందు చక్రం లేపే ముందు వెనక బ్రేకు

వీలీలు (ముందు చక్రం గాలిలోకి లేపి నడపడం), స్టాపీల (ముందు బ్రేకుతో వెనక చక్రం లేపడం) గురించి కడప, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. చెప్పిందంతా మనుషులూ బండ్లూ తిరగని, సొంతదారు ఒప్పుకున్న ఖాళీ స్థలానికి సంబంధించినది. రోడ్డు మీద మాత్రం ఎంత చేయి తిరిగినవాళ్లయినా ఈ పని చేయకూడదు. ఎదురొచ్చే ఆటోవాడికి మీరేం చేయబోతున్నారో తెలియదు.

ప్రశ్న: నాది యమహా ఆర్15. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ మొత్తం తిప్పినా ముందు చక్రం లేవడం లేదు. మావాడి డ్యూక్ 390 మాత్రం ఊరికే లేస్తుంది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పెద్దది వేయిస్తే సరిపోతుందా సార్?
– డిగ్రీ విద్యార్థి, యర్రముక్కపల్లె, కడప

జవాబు: ముందు చక్రం లేవాలంటే వెనక టైరు బండిని ముందుకు నెట్టే బలం, బండీ మనిషీ కలిసిన బరువుకు దాదాపు సమానం కావాలి. ఆర్15 టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 14 న్యూటన్ మీటర్లకు అటూఇటూ. గేరూ చైన్ సెట్టూ దాన్ని పెంచినా, 65 కిలోల మనిషి కూర్చుంటే టైరు దగ్గరికి చేరేది మొత్తం బరువులో మూడింట రెండు వంతుల బలమే. 390కి మోడల్‌ను బట్టి 35–39 న్యూటన్ మీటర్లు ఉంటుంది, అందుకే అది యాక్సిలరేటర్‌కే లేస్తుంది. స్ప్రాకెట్ 48 పళ్లది తీసి 52 పళ్లది వేసినా మీకు కలిసొచ్చేది ఎనిమిది శాతమే. దానికి చైన్ పొడవు చాలక కొత్త చైన్ కొనాలి, టాప్ స్పీడూ పడిపోతుంది. ఆ డబ్బు మోకాలి గార్డులకూ, మంచి గ్లవ్స్‌కూ పెట్టండి.

తక్కువ పడిన బలం క్లచ్ నుంచి వస్తుంది. క్లచ్ పట్టి ఇంజిన్ వేగం పెంచితే ఇంజిన్ లోపల తిరిగే బరువైన భాగాల్లో (క్రాంక్, మాగ్నెట్) ఊపు చేరుతుంది. క్లచ్ కలిపిన క్షణంలో ఆ ఊపంతా చక్రానికి వెళ్తుంది. చిన్న బండ్లు లేచేది దీనితోనే.

అయితే క్లచ్ జోలికి పోకముందు వెనక బ్రేకు నేర్చుకోవాలి. బండి వెనక్కి పల్టీ కొట్టబోతుంటే దాన్ని దించేది అదొక్కటే. యాక్సిలరేటర్ మూసినా దిగుతుంది కదా అంటారు. బ్యాలెన్స్ పాయింట్ (బండి ముందుకూ వెనక్కూ పడకుండా నిలిచే కోణం) దాటాక దిగదు. పైగా ఆ కంగారులో ఒళ్లు వెనక్కి జారి, చేయి సాగి, మూయాల్సిన యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. వెనక బ్రేకు తొక్కితే చక్రం వేగం తగ్గి ముందు భాగం వెంటనే కిందికి వస్తుంది.

మొదట వెనక బ్రేకు పెడల్ ఎత్తు సరిచేయించుకోండి. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఉండగా బొటనవేలి కింది భాగం పాదం ఎత్తకుండానే పెడల్‌కు ఆనాలి. తర్వాత ఫస్ట్ గేర్‌లో 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, యాక్సిలరేటర్ కొంచెం తెరిచే ఉంచి, వెనక బ్రేకును మెల్లగా తొక్కి వదలండి. కాలు చూసుకోకుండా, ఆలోచించకుండా అది రావాలి. ఒక రోజంతా ఇదే చేసినా దండగ కాదు.

ఇక లేపడం. ఫస్ట్ గేర్, 15–20 కిలోమీటర్లు, హ్యాండిల్ నిటారు, మోకాళ్లు ట్యాంకుకు గట్టిగా, కుడికాలు పెడల్ మీద. ఒకటి రెండు వేళ్లతో క్లచ్‌ను పట్టు జారేంత మేరకే లాగండి, పూర్తిగా కాదు. అదే క్షణంలో ఇంజిన్‌ను నిమిషానికి 6,000–7,000 చుట్ల దాకా లేపి క్లచ్ చురుగ్గా వదలండి. పుటుక్కున వదిలేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, లేదా చక్రం ఒక్కసారి ఎగిరి చేతికి అందకుండా పోతుంది. మొదట్లో చక్రం జానెడు లేస్తే చాలు. లేచిన ప్రతిసారీ వెనక బ్రేకు తాకించి దించండి, అవసరం లేకపోయినా సరే. జానెడు ఎత్తులో అలవాటు కాని బ్రేకు, నిలువెత్తులో గుర్తు రాదు.

అందరూ చేసే పొరపాట్లు రెండు. హ్యాండిల్ పట్టుకుని పైకి లాగుతారు. అలా లాగితే కుడిచేతి వైపు బలం ఎక్కువై బండి పక్కకు పోతుంది. చేతులు వదులుగా ఉండాలి, దిశ సరిచేసుకోవడం మోకాళ్లతో, ఫుట్‌రెస్ట్‌ల మీద బరువుతో జరగాలి. రెండోది, చక్రం గాలిలో ఉండగా భయపడి యాక్సిలరేటర్ ఠక్కున మూసేయడం. అప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మొత్తం కుంగి చక్రం నేలకు కొట్టుకుంటుంది. అదే సమయానికి హ్యాండిల్ కొంచెం తిరిగి ఉంటే బండి అటూఇటూ కొట్టుకుని పడేస్తుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెం తెరిచే ఉంచి, హ్యాండిల్ సూటిగా ఉంచి, మెత్తగా దించాలి.

ప్రశ్న: స్టాపీ కోసం ముందు బ్రేకు గట్టిగా పట్టినా వెనక చక్రం లేవదు. ఒకసారి జారి పడ్డాను కూడా. నాది డ్యూయల్ చానెల్ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలూ లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న 200 సీసీ బండి. ఏబీఎస్ ఫ్యూజు పీకేస్తే అయిపోతుందని స్నేహితులు అంటున్నారు. మా ఊరి వేరుశనగ మిల్లు కల్లం మీద ప్రాక్టీసు చేస్తాను.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఫ్యూజు సంగతి తర్వాత, ముందు మీ కల్లం సంగతి. వెనక చక్రం లేవాలన్నా టైరుకూ నేలకూ మధ్య పట్టు దాదాపు బరువంత ఉండాలి. పొడి, శుభ్రమైన, గరుకు సిమెంటు లేదా తారు మీద మంచి టైరుకే అది దొరుకుతుంది. కల్లం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో ఒకసారి తుడిచి చూడండి. ఎర్రమట్టి పొడి, శనగ గింజల మీది ఎర్రటి పొర, అక్కడక్కడా నలిగిన గింజ వదిలిన నూనె జిడ్డు చేతికి అంటుతాయి. అలాంటి చోట వెనక చక్రం లేవకముందే ముందు చక్రం జారుతుంది. మీరు పడింది అందుకే అయివుంటుంది. బ్రేకు ఇంకా గట్టిగా పడితే ఇంకా తొందరగా పడతారు. చీపురుతో ఊడ్చి, జిడ్డు ఉన్నచోట సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బండి దించండి. 60–70 మీటర్ల సూటి దారి, చివర గోడ లేకుండా కావాలి.

రెండో కారణం మీ వేళ్లు. ఒక్కసారిగా పట్టేస్తే బరువు ముందుకు రాకముందే చక్రం లాక్ అవుతుంది. సెకండ్ గేర్‌లో 35–40 వేగం, క్లచ్ పట్టేయాలి, రెండు వేళ్లు లివర్ మీద. మొదట ఫోర్కు కుంగేంత మాత్రమే నొక్కండి. ఆ కుంగడం చేతికి తెలుస్తుంది. టైరు నేలకు అదుముకున్నాక ఒత్తిడి పెంచుకుంటూ పోండి. చూపు దూరంగా, మోకాళ్లతో ట్యాంకును బిగించి, మోచేతులు గట్టిగా ఉంచాలి. వెనక చక్రం నాలుగు వేళ్ల ఎత్తు లేవగానే బ్రేకు కొంచెం సడలించండి. బండి పూర్తిగా ఆగకముందే చక్రం నేలకు రావాలి. గాలిలో ఉండగానే ఆగితే ఏదో ఒక పక్కకు వాలిపోతుంది. మరీ ఎత్తుకు పోతుంటే చేయాల్సింది ఒక్కటే, ముందు బ్రేకు వదలడం. వెనక భాగం పక్కకు తిరుగుతోందంటే హ్యాండిల్ నిటారుగా లేదు, లేదా మీరు సీటు మధ్యలో కూర్చోలేదు.

ఏబీఎస్ గురించి. వెనక చక్రం లేవడాన్ని పసిగట్టి ముందు బ్రేకు ఒత్తిడి తగ్గించే ఏర్పాటు చాలా యూనిట్లలో ఉంటుంది. కాబట్టి ఎత్తు స్టాపీలు దానితో రావు, నిజమే. కానీ నేర్చుకునేవాళ్లకు కావలసిన నాలుగు వేళ్ల ఎత్తు, మంచి నేల మీద మెల్లగా నొక్కితే చాలా బండ్లలో వస్తుంది. కేటీఎంలలో ఉండే సూపర్‌మోటో మోడ్ కూడా వెనక ఏబీఎస్‌నే ఆపుతుంది, ముందుది పనిచేస్తూనే ఉంటుంది. ఫ్యూజు పీకొద్దు. అదే బండి మీద ఇంటికి వెళ్తూ బళ్లారి రోడ్డులో గొర్రెల మంద అడ్డం వస్తే మీకు ఆ ఫ్యూజే కావాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఇలాంటి సందర్భాల కోసమే.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. నా పేరు మీదున్న బండితో బైపాస్‌లో వీలీలు చేస్తున్నాడని ఆలస్యంగా తెలిసింది. పట్టుబడితే ఏమవుతుంది? ఇన్సూరెన్స్ ఉంది.
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు తాళం తీసేసుకోండి అన్నా, ఈ రోజే. గేరు బండికి 18 నిండాలి. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద మైనరు నేరానికి తండ్రీ, బండి యజమానీ బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. మీకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి చేయాల్సిందంతా చేశారని నిరూపిస్తేనే మినహాయింపు. ఇప్పుడు మీకు తెలిసింది. ప్రమాదకరంగా నడపడానికి 184 సెక్షన్ వేరే ఉంది. లైసెన్సు లేనివాడు నడిపితే మీ బండి నష్టానికి క్లెయిమ్ రాదు. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ పరిహారం చెల్లించి, ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు.

కుర్రాడికి నిజంగా ఆసక్తి ఉంటే లైసెన్సు వచ్చాక చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో జరిగే రైడింగ్ శిక్షణకు పంపండి. అక్కడ వీలీలు నేర్పరు, బ్రేకు వేయడం నేర్పుతారు. వాడికి ముందు కావలసింది అదే.

ప్రశ్న: స్టంట్లు చేసిన బండ్లు షెడ్డుకు వస్తున్నాయి. ఓనర్లు ఏమీ చేయలేదంటారు. ఏమేం చూడాలి?
– మెకానిక్, నంద్యాల చెక్‌పోస్ట్, కర్నూలు

జవాబు: కోన్ సెట్‌తో (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుతో) మొదలుపెట్టండి. ముందు చక్రం గాలిలో ఉండేలా నిలబెట్టి హ్యాండిల్‌ను మెల్లగా అటూఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగుతుంది. చక్రం నేలకు కొట్టుకున్న ప్రతిసారీ గోళీలు కప్పు మీద చేసిన గుంటలు అవి. బిగిస్తే పోదు, సెట్ మార్చాల్సిందే. ఫోర్కు రాడ్ మీద నూనె గీత కనిపిస్తే ఆయిల్ సీల్ పోయింది. ఆ నూనె బ్రేకు డిస్క్ దాకా జారిందంటే ప్యాడ్లు కూడా మార్చండి, కడిగి వేస్తే పట్టు రాదు. ముందు రిమ్ తిప్పి వంకర చూడండి.

వెనక వైపు చైన్‌ను మూడు నాలుగు చోట్ల కొలవండి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే కొన్ని లింకులు సాగాయి. సాగిన చైన్‌ను బిగించి పంపితే నడిదారిలో తెగొచ్చు. వెనక చక్రం పట్టుకుని స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే బాగా ఆడుతోందా, హబ్‌లోని రబ్బర్లు నలిగాయి. క్లచ్ లివర్‌కు 10–15 మిల్లీమీటర్ల ఆట ఉంచినా ఎత్తు గేర్‌లో ఇంజిన్ అరిచి బండి కదలకపోతే ప్లేట్లు కాలాయి. ఏబీఎస్ లైటు వెలుగుతూ వస్తే కంగారు పడి యూనిట్ విప్పొద్దు. ఒక చక్రం ఆగి ఇంకోటి తిరిగినందుకు కూడా అది వెలుగుతుంది. ఇగ్నిషన్ ఆపి వేసి, కాస్త దూరం నడిపి చూడండి. అప్పటికీ ఆరకపోతే సెన్సార్ వైరు చూడండి.

ఇంజిన్ ఆయిల్ మాత్రం ఓనరు అడగకపోయినా చూడండి. బండి నిలువుగా లేచినప్పుడు ఆయిల్ వెనక్కి పోయి, పంపు లాగే జాలీ దగ్గర ఖాళీ పడుతుంది. మట్టం కింది గీతకు దగ్గరున్న బండికి ఈ ముప్పు ఎక్కువ. ఇంజిన్ ఆపి మూడు నాలుగు నిమిషాలయ్యాక, సైడ్ స్టాండ్ మీద కాకుండా నిటారుగా పట్టుకుని చూడండి. పై గీతకు రావాలి, దాన్ని మించకూడదు. తీసిన ఆయిల్‌ను వెలుతురులో తిప్పి చూస్తే వెండి రజనులాంటి మెరుపు కనబడిందంటే, బిల్లు రాయకముందే ఓనరును పిలిచి చూపించండి. ఇంజిన్ విప్పాల్సిన పని అది.