ఎనిమిది వేలల్ల బిడ్డకు ఏ మానిటర్ కొనాలె?

నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి రాసిండు. బిడ్డ నల్గొండల బీకామ్ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతుంది, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ నేర్చుకుంటుంది. ఇంట్ల పాత కంప్యూటర్ ఉంది, పోయినేడే ఎస్ఎస్‌డీ, అంటే వేగంగ పనిచేసే స్టోరేజ్, వేయించిండ్రట, కానీ దాని 18.5 ఇంచుల మానిటర్ పది రోజుల కింద నల్లగైపోయింది. షాపాయన 27 ఇంచుల కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్ 14,500కు తీస్కోమంటుండు, బామ్మర్ది ఏమో ఇదంతా పక్కకు పెట్టి 42 వేలల్ల ల్యాప్‌టాప్ కొనమంటుండు, నా దగ్గర బత్తాయి పైసలల్ల మిగిలింది ఎనిమిది వేలే సార్, ఏం చేయాలె అని అడిగిండు. చివర్ల "బిడ్డ ఇప్పుడు ఫోన్‌లనే ఎక్సెల్ చేస్తుంది" అని ఒక లైన్ రాసిండు.

అన్నా, ఆ చివరి లైన్ కాడ నాకు మనసు ఆగిపోయింది. పది రోజుల నుంచి అంత చిన్న ఫోన్ల వేలుతోటి సెల్లు సెల్లు జరుపుకుంట నేర్చుకుంటుందంటే ఆ బిడ్డకు పని మీద ఎంత ఇష్టం ఉందో అర్థమైతుంది, అందుకే ముందు ఈ రోజు సాయంత్రమే చేసే పని చెప్తా, కొనుడు తర్వాత చూద్దాం. మీ ఇంట్ల ఎల్ఈడీ టీవీ ఉంటే, సీపీయూ ఎనక హెచ్‌డీఎంఐ పోర్ట్, అంటే బొమ్మ పంపే వైరు పెట్టే రంధ్రం, ఉంటే, సెట్‌టాప్ బాక్స్‌కు ఉన్న హెచ్‌డీఎంఐ వైరు తీసి సీపీయూకు పెట్టండి. టీవీల బొమ్మ వచ్చిందా, ఒకటి, మీ సీపీయూ మంచిగుంది, పోయింది మానిటరో, దాని వైరో అని తేలిపోతది, రెండు, కొత్తది వచ్చే దాక బిడ్డ టీవీ మీదనే ప్రాక్టీస్ చేసుకుంటది. అక్షరాలు జర మసకగ ఉంటయి, అయినా ఫోన్ కంటే నయం.

రెండోది, పాత మానిటర్‌ను పారేయకముందు రాత్రి పూట లైట్లు ఆపి, కంప్యూటర్ ఆన్ చేసి, నల్లటి స్క్రీన్ మీద ఫోన్ టార్చ్ జర పక్క నుంచి కొట్టి చూడండి. లోపల ఐకాన్లు సన్నగ నీడ లెక్క కనబడుతున్నయా? అట్ల కనబడితే ప్యానెల్, అంటే బొమ్మ చూపించే పలక, బతికే ఉంది, ఎనక వెలుగు ఇచ్చే బ్యాక్‌లైట్ పోయింది. పవర్ లైటే వెలగకపోతే లోపలి పవర్ బోర్డుల కెపాసిటర్లు అనే చిన్న భాగాలు ఉబ్బిపోయి ఉండొచ్చు. మన ఊర్లల్ల ఓల్టేజ్ ఎక్కువ తక్కువ అయితది కదా, ఆ జబ్బు చాలా మానిటర్లకు వస్తది, మంచి మెకానిక్ ఉంటే కొద్ది పైసలల్లనే బాగైతది. కానీ రిపేరుకు వెయ్యి దాటి చెప్పినా, స్క్రీన్ మీద నిలువు గీతలు ఉన్నా, పగిలినా దాని మీద రూపాయి కూడ పెట్టకండి.

ఇగ కొనే సంగతి. బిడ్డ చేసే పనిని బట్టి మానిటర్ తీస్కోవాలె గాని షాపుల మెరిసేదాన్ని బట్టి కాదు. మీ పాత 18.5 ఇంచుల మానిటర్ చాలా మటుకు 1366 బై 768 చుక్కలది ఉంటది, దాంట్ల ఎక్సెల్ తెరిస్తే మామూలు సైజుల A కాలమ్ నుంచి T కాలమ్ దాక, అంటే ఒక 20 కాలమ్‌లు కనబడతయి. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920 బై 1080 మానిటర్ల అదే ఎక్సెల్ తెరిస్తే 28 దాక కనబడతయి. చిన్న తేడా అనిపిస్తది, కానీ జీఎస్టీ లెక్కల షీట్ తెరిచి చూడండి, పార్టీ పేరు, జీఎస్టీ నంబర్, ఇన్‌వాయిస్ నంబర్, తేదీ, ట్యాక్స్ లేని విలువ, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ, ఐజీఎస్టీ, మొత్తం, ఇట్ల పోతనే ఉంటది, చివరి కాలమ్‌కు జరిపేసరికి మొదటి పేరు కనబడకుండ పోతది, ఆడనే పిల్లలు ఒక లైన్ అంకె ఇంకో లైన్ల వేసి తప్పు చేస్తరు. అకౌంట్స్ ఉద్యోగంల ఆ తప్పు చిన్నది కాదు. ఇంకా, ఎడమ దిక్కు పాఠం వీడియో, కుడి దిక్కు ట్యాలీ పెట్టుకొని చూసుకుంట చేయాలంటే ఫుల్ హెచ్‌డీ వెడల్పు కావాల్సిందే. కాబట్టి మొదటి షరతు ఇదే, డబ్బా మీద 1920 బై 1080 రాసి ఉండాలె.

సైజు 22 ఇంచులు గాని 24 ఇంచులు గాని చాలు. 27 ఇంచులది ఎందుకు వద్దంటున్ననంటే, అదే ఫుల్ హెచ్‌డీ చుక్కలను పెద్ద స్క్రీన్ మీద పరిచినట్టు అయితది, ఇంచుకు 82 చుక్కలే పడతయి, 24 ఇంచుల దాంట్ల 92, 22 ఇంచుల దాంట్ల 100 దాక పడతయి, కాబట్టి దగ్గర కూసొని అంకెలు చదివేటోళ్లకు చిన్నదాంట్లనే అక్షరం నిండుగ ఉంటది. 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 సార్లు బొమ్మ మారుతదని చెప్తరు, అది వేగంగ కదిలే గేములకు, ట్యాలీల అంకెలు పరిగెత్తవు, 75 గాని 100 గాని ఉంటే సరిపోతది. కర్వ్ కూడ ఈ సైజుల అవసరం లేదు. ప్యానెల్ మాత్రం ఐపీఎస్ అని అడగండి, పక్క నుంచి చూసినా రంగు పెద్దగ మారదు. ఇంట్ల ట్యూబ్‌లైట్ ఎనక నుంచి పడతది కాబట్టి అద్దం లెక్క మెరిసేది కాకుండ మ్యాట్ స్క్రీన్ తీస్కోండి.

ఇప్పుడు అందరు మరిచిపోయేది చెప్తున్న, జర మనసు పెట్టి వినండి. షాపుకు పోయే ముందు మీ సీపీయూ ఎనక భాగం ఫోటో తీస్కోండి. నీలం రంగుది, మూడు వరసలల్ల 15 రంధ్రాలు ఉన్నది వీజీఏ, చిన్నగ, కింద మూలలు కోసినట్టున్నది హెచ్‌డీఎంఐ. నేను ఒకసారి మా తమ్మునికి ఆన్‌లైన్ల మానిటర్ తెప్పించిన, వానికున్నది వీజీఏ ఒక్కటే, వచ్చిన మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఒక్కటే, మామూలు వైరు తెచ్చి పెడితే ఏమీ రాలే, వీజీఏను హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ దొరికే వరకు నాలుగు రోజులు ఆ పిలగాని చదువు ఆగింది. ఆ కన్వర్టర్లు కూడ ఒక దిక్కే పనిచేస్తయి, సీపీయూ దిక్కు ఏది, మానిటర్ దిక్కు ఏది అని చెప్పి అడగాలె. రెండూ ఉన్న మానిటర్ దొరికితే ఈ గొడవే లేదు.

మీ ఎనిమిది వేలకు మంచి బ్రాండ్‌ల 22 ఇంచుల ఐపీఎస్ కొత్తది వస్తది, ఆఫర్ ఉంటే 24 కూడ దొరుకుతది. నన్నడిగితే 22 తీస్కొని మిగిలిన పైసలు యూపీఎస్, అంటే కరెంట్ పోయినా కొద్దిసేపు నడిపించే బ్యాటరీ డబ్బా, కోసం దాచిపెట్టమంట. కరెంట్ పోయి ట్యాలీ మధ్యల ఆగితే డేటా పాడు కావొచ్చు, ఓల్టేజ్ దెబ్బకు కొత్త మానిటర్ కూడ పాతదాని దారే పడతది. యూపీఎస్ ఇప్పుడే కుదరకపోతే కనీసం మంచి స్పైక్ గార్డ్ అయినా పెట్టండి, ఉరిమేటప్పుడు ప్లగ్ పీకేయండి.

అంత పెట్టలేని పరిస్థితి అయితే సెకండ్ హ్యాండ్ ఏం తప్పు కాదు, సిగ్గు పడే పని అసలే కాదు. హైదరాబాద్ ఆఫీసులల్ల వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ మానిటర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్ల కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దిక్కు తక్కువ ధరకు దొరుకుతయి, కొన్నిటి స్టాండ్ పైకి కిందికి కూడ జరుగుతది, మెడకు మంచిది. పోయినోళ్లు అక్కడే ఆన్ చేయించి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటి స్క్రీన్ నిండ పెట్టించి చచ్చిన చుక్కలు, మూలలల్ల పసుపు మరకలు ఉన్నయా చూడాలె, పది నిమిషాలు నడవనియ్యాలె, వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోవాలె. కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు తీస్కోండి, వారంటీ మూడేండ్లా ఒక ఏడాదా అడగండి, చెడిపోతే ఇంటికొచ్చి చూస్తరా మనమే హైదరాబాద్ మోయాలా అని కూడ అడగండి, నకిరేకల్ నుంచి అది ఒక రోజు కూలి, బస్ కిరాయి లెక్క. డబ్బా, థర్మాకోల్ అటక మీద దాచండి.

బామ్మర్ది మాట కూడ తీసేయలేం, ల్యాప్‌టాప్ మంచిదే, కానీ బిడ్డ నేర్చుకునే పనికి మీ దగ్గరున్న కంప్యూటర్ సరిపోతది, 42 వేలు అప్పు తెస్తే వడ్డీ కట్టేది మీరే. రేపు ఏ ఆడిటర్ ఆఫీసులనో, కంపెనీలనో చేరితే సిస్టమ్ వాళ్లే ఇస్తరు, వాళ్లు చూసేది ఈ బిడ్డ ఎంట్రీ తప్పు లేకుండ వేస్తదా, బ్యాంక్ లెక్క కుదురుస్తదా అనే. బ్యాంక్ పరీక్షలకు రాయాలనుకున్నా అవి కంప్యూటర్ మీదనే ఉంటయి, ప్రిలిమ్స్ అనే మొదటి పరీక్షల 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, పెద్ద స్క్రీన్ మీద మాక్ టెస్టులు రాసి అలవాటైన కండ్లకు అక్కడ తడబాటు ఉండదు.

షాపుకు పోయేటప్పుడు బిడ్డను ఎంబడి తీస్కపోండి అన్నా. ఆమె ఎక్సెల్ ఫైల్ ఒకటి పెన్ డ్రైవ్ల ఏస్కొని రమ్మనండి, ఏ మానిటర్ చూపిస్తే దాని ముందు ఆమెనే కూసోబెట్టి, ఆ ఫైల్ తెరిపించి, చివరి లైన్ల అంకెలు చదవమనండి. ఏది తీస్కోవాలెనో ఆమెనే చెప్తది.